మాట మధ్యలో ఆరిపోయే డబ్బా

ఆ వేసవిలో మా ఇంట్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది ఒక చిన్న ఫ్యాను చప్పుడు. టీవీ కింద అరలో పెట్టిన వీడియో గేమ్ డబ్బా లోపల తిరిగే ఫ్యాను అది. మొదట సన్నగా గుయ్యిమనేది. కాసేపటికి పక్కగదిలో మిక్సీ వేసినట్టు మోత మొదలయ్యేది. ఆ తర్వాత, డబ్బా బాగా వేడెక్కింది, ఆపి చల్లారనివ్వండి అని టీవీ తెర మీద ఒక వాక్యం వచ్చేది. నేను ఆపకపోతే కొద్దిసేపటికి అదే ఆరిపోయేది.

మేం కర్నూలులో ఒక మేడ పై అంతస్తులో అద్దెకుంటాం. మే నెలలో స్లాబు వేడి నేరుగా నడినెత్తి మీదికి దిగేది. మధ్యాహ్నం పూట మంచం మీద దుప్పటి కూడా వెచ్చగా తగిలేది. నేను ఒక రక్త పరీక్షల కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొస్తాను. మా ఆయన ఎరువుల వ్యాపారం పనిమీద ఊళ్ళు తిరుగుతుంటాడు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మాతోనే ఉంటోంది.

ఆ డబ్బా నిజానికి మా తమ్ముడిది. వాడు ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, కంట్రోల్ రూములో పనిచేస్తాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నాడు దాన్ని. అక్కడి గదిలో ఏళ్ళ తరబడి వాడి, కొత్తది కొన్నాక పాతది తెచ్చి మా టీవీకి తగిలించాడు. ఆటలు నాకు రావంటే, ఇది నీకు వస్తుందిలే అని వ్యవసాయం చేసే ఆట ఒకటి పెట్టాడు. అందులో పొలం ఉంటుంది, ట్రాక్టర్లుంటాయి. వాడు ఎర్రగుంట్లలో కూర్చుని దున్నితే, నేను కర్నూలులో కూర్చుని విత్తనం వేయొచ్చు. తలకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. కోసిగి దగ్గర మా చేనుకి ఏనాడూ సరిగా తడి లేదు. ఆటలో మాత్రం అడిగినప్పుడల్లా వాన పడేది.

అమ్మ మొదటిసారి చూసి, "ఆడ మన చేను బీడు పడుండాది. మీరిద్దరూ టీవీలో దున్నుతాండరా?" అంది. తర్వాత తనే నా పక్కన కూర్చుని, ఆ మూల చాలు వంకరగా వచ్చిందని చెప్పేది.

ఆ వేసవి మొదట్లో తమ్ముడు ఫోను ఎత్తడం మానేశాడు. ఎప్పుడు చేసినా స్విచాఫ్. మెసేజ్ పెడితే ఏ సాయంత్రమో జవాబు వచ్చేది, డ్యూటీలో ఉండా అని. సరే అనుకున్నాను. కానీ ఒకరోజు మధ్యాహ్నం ల్యాబు నుంచి వచ్చి డబ్బా ఆన్ చేస్తే, వాడి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. అంటే వాడు ఆ సమయంలో తన గదిలో కూర్చుని ఆడుతున్నాడు. షిఫ్టు మారిందేమో అనుకున్నాను. మర్నాడు చూస్తే అదే చుక్క. ఆ తర్వాత ఏ వేళప్పుడు చూసినా వెలుగుతూనే ఉంది.

నేను ఆటలోకి వెళితే వద్దనేవాడు కాదు. హెడ్‌ఫోన్లో వాడి ఊపిరి వినిపించేది. అన్నం తిన్నావా అంటే ఊఁ అనేవాడు. డ్యూటీ ఎప్పుడంటే రాత్రికి అనేవాడు. రాత్రి నేను చూస్తే అప్పుడూ ఆటలోనే ఉండేవాడు. ఇంకో ప్రశ్న వేస్తే వెళ్ళిపోతాడేమోనని అడిగేదాన్ని కాదు. నేనేదో ఒకటి చెబుతూ ఉంటే వాడు పొలం దున్నుతూ వినేవాడు. పక్కన అమ్మ, "ఏమంటాండాడు?" అని అడిగేది. హెడ్‌ఫోన్ నా చెవులకే ఉంది కాబట్టి, బాగున్నాడంట అని చెప్పేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే డబ్బా వేడెక్కడం మొదలైంది. మొదటిసారి నేను ల్యాబులో జరిగిన సంగతేదో చెబుతుంటే టీవీ నల్లబడిపోయింది. చెయ్యి పెడితే డబ్బా వెనకభాగం ఇస్త్రీపెట్టెలా చురుక్కుమంది. చల్లారేదాకా ఆగి మళ్ళీ ఆన్ చేస్తే, ఆకుపచ్చ చుక్క లేదు. వాడు వెళ్ళిపోయాడు. ఆ రోజుకి మళ్ళీ రాలేదు.

మర్నాడు వాడే ముందు మాట్లాడాడు.

"పోయేటప్పుడు చెప్పి పో అక్కా," అన్నాడు. గొంతు కోపంగా ఉంది.

నేను పోలేదురా, డబ్బా ఆరిపోయిందని చెప్పాను.

అప్పటి నుంచి దాన్ని చల్లగా ఉంచడమే నాకు పెద్ద పనైంది. టీవీ కింద అరలోంచి బయటికి తీశాను. గాలి ఆడుతుందని రెండు చెక్కపీటల మీద, కింద సందు ఉండేలా పెట్టాను. టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాను. కిటికీకి తడి చీర కట్టాను. కూలరు దగ్గరికి జరిపితే ఆ గాలిలో తేమకు లోపల ఏం పాడవుతుందోనని భయపడి మళ్ళీ దూరం పెట్టాను. అమ్మ తడిగుడ్డ తెచ్చి జ్వరం వచ్చిన బిడ్డకు వేసినట్టు దాని మీద వేయబోతే, కరెంటు డబ్బా మీద నీళ్ళేమిటని చెయ్యి పట్టుకున్నాను. ఇంత చేసినా కాసేపే. ఫ్యాను మోత పెరిగేది. ఒరే, ఇది ఆరిపోయేలా ఉంది, నేను మళ్ళీ వస్తా అని ఆ మోతలో గబగబా చెప్పేదాన్ని. కొన్నిసార్లు చెప్పేలోపే ఆరిపోయేది.

ఒకరోజు కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది, మీ ఇంట్లోనే కదా అంది. లోపలికి వచ్చి పీటల మీద డబ్బాను, దాని ముందు టేబుల్ ఫ్యానును చూసి ఆమె ముఖం మారిపోయింది. వైరింగ్ పాతదని, ఏదన్నా అంటుకుంటే అందరం పోతామని, పగలు దాన్ని వాడొద్దని గట్టిగానే చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రం మా ఆయనకి కూడా మెట్ల దగ్గరే చెప్పినట్టుంది. వస్తూనే డబ్బా ప్లగ్గు పీకేశాడు.

"ఇల్లు కాల్చుకుందామనా?" అన్నాడు. "తమ్మునితో మాట్లాడాలంటే ఫోనుండాది కదా."

"ఫోను ఎత్తడం లేదు. డ్యూటీకి కూడా పోతున్నట్టు లేదు," అన్నాను. అప్పటిదాకా ఆయనకి ఆ సంగతి చెప్పలేదు. వంటింట్లో ఉన్న అమ్మకి వినపడకుండా గొంతు తగ్గించాను.

ఆయన ప్లగ్గు చేతిలో పట్టుకుని వంటింటి వైపు చూశాడు. ఆదివారం పోయి చూసొద్దామన్నాడు. అందాకా డబ్బా దగ్గర ఎవరో ఒకరు లేకుండా ఆన్ చేయొద్దని, వాసన వస్తే వెంటనే తీసేయమని చెప్పాడు. ప్లగ్గు మళ్ళీ ఆయనే పెట్టాడు.

ఆదివారం రాకముందే అది జరిగింది. మధ్యాహ్నం ల్యాబు నుంచి వచ్చి, చెప్పులు కూడా సరిగా విడవకుండా టీవీ ముందు కూర్చున్నాను. ఆకుపచ్చ చుక్క ఉంది. ఆటలో గోధుమ కోతకొచ్చింది. వాడు కోతమిషను నడుపుతుంటే నేను ట్రాక్టరుతో పక్కనే పోతున్నాను. అట్లా రెండు చుట్లు తిరిగాం. తర్వాత వాడి మిషను పొలం మధ్యలో ఆగింది.

"అక్కా," అన్నాడు. "నేను డ్యూటీకి పోతాలేను."

ఎప్పటి నుంచి అని అడగబోయాను. సరిగ్గా అప్పుడే ఫ్యాను మోత పెరిగింది. తెర మీద వాక్యం వచ్చింది. వాడు ఇన్నాళ్ళకు నోరు తెరిచాడు. ఇప్పుడు ఆగు, డబ్బా ఆరిపోతుంది అంటే మళ్ళీ మూసేస్తాడు. ఆ వాక్యాన్ని బటన్ నొక్కి తీసేశాను. టేబుల్ ఫ్యానును కాలితో ఇంకా దగ్గరికి లాగాను. చెప్పురా, వింటున్నా అన్నాను.

"ఆ పొద్దు నేను కంట్రోల్ రూములో ఉండా. వాడు పైకి పోతాండాడు..."

వాడంటే ఎవరో నాకు తెలియదు. మధ్యలో అడ్డం రాలేదు. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన ముక్కుకి తగిలింది. ప్లగ్గు తీసేయాలి. తీస్తే మాట తెగుతుంది. ఇంకొక్క నిమిషం ఆగు అని ఆ డబ్బాను మనసులో బతిమాలుతున్నాను. నువ్వు చెప్పురా, నేనెక్కడికీ పోను, ఇక్కడే... అంటుండగా టీవీ నల్లబడింది.

ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకాను. తర్వాత వాడికి ఫోను చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. స్విచాఫ్. డబ్బాకి చెయ్యి పెట్టలేనంత వేడి. వంటింటి గుమ్మంలోంచి అమ్మ నా ముఖం చూసి, ఏమైందని అడిగింది. ఏం లేదన్నాను. రోజూ ఎంతమంది నరాల్లోకో సూది దించే నా చేతులు ఫోను తెర మీద అంకె నొక్కలేకపోయాయి.

అప్పుడు ఫోనే మోగింది. తమ్ముడి నంబరు. వారాల తర్వాత వాడు తనంతట తాను ఫోను చేశాడు.

"అక్కా. ఉండావా?"

"ఉండా రా. ఏమైంది?"

వాడు పరుగెత్తి వచ్చినవాడిలా ఊపిరి తీస్తున్నాడు.

"మాట్లాడు అక్కా. ఏదో ఒకటి మాట్లాడు. ఆపొద్దు."

పొద్దున ఏం వండానో చెప్పాను. రక్తం ఇవ్వడానికి వచ్చి సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయిన పోలీసాయన గురించి చెప్పాను. కిటికీకి కట్టిన తడి చీర చూసి ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసిందా అని పాలాయన అడిగిన సంగతి చెప్పాను. నేను చెప్తూ పోతుంటే వాడి ఊపిరి మెల్లగా నిలకడకి వచ్చింది. అప్పుడు వాడు చెప్పడం మొదలుపెట్టాడు.

ఫ్యాక్టరీలో వాడికి ఒక స్నేహితుడు. ఇద్దరూ ఒకేసారి చేరారు. ఆ అబ్బాయికి పెళ్ళయ్యేదాకా ఒకే గదిలో ఉన్నారు. తమ్ముడు కంట్రోల్ రూములో కూర్చుంటే, ఆ అబ్బాయి బయట తిరిగి మిషన్లు చూసుకుంటాడు. ఇద్దరి మధ్యా వాకీటాకీ. ఆ రోజు ఆ అబ్బాయి టవరు మెట్లెక్కుతూ, ఛాతీలో బరువుగా ఉంది, గ్యాసేమో, ఇక్కడ కాసేపు కూర్చుంటా అన్నాడట. కూచోని రా, తొందరేం లేదు అన్నాడట మా వాడు. అంతలో ఇంకో మిషను ఆగిపోయింది. ఆ పని చూసుకుని మళ్ళీ పిలిస్తే, వాకీటాకీలో బర్రుమనే చప్పుడు తప్ప జవాబు లేదు. మనుషుల్ని పంపేసరికే అంతా అయిపోయింది. గుండె ఆగిందని, అక్కడ ఎవరున్నా చేయగలిగింది లేదని డాక్టర్లు చెప్పారు. మా వాడికి అది ఎక్కలేదు.

ఆ అబ్బాయి భార్య ఫోను చేసి, ఆఖరున మీతోనే మాట్లాడారంట కదా అన్నా, ఏమన్నారు అని అడిగిందట. ఏమీ చెప్పలేక పెట్టేశాడు. ఆమె మళ్ళీ చేసింది. అప్పుడే ఫోను ఆపేశాడు.

"ఆ మాట ఎట్ల చెప్పేది? నేను కూచోమన్నా అక్కా. ఎవుర్నీ పంపలే."

నేను ఏదో అనబోతే వాడు ఆపలేదు.

"నీ గొంతు మధ్యలో తెగిపోయినప్పుడల్లా నాకు మళ్ళా అదే అయితాది."

"మరి ఎందుకురా ఆడడం? నాకు ముందే చెప్పింటే..."

"నీ గొంతు వినల్లనిపిస్తాది," అన్నాడు.

ఫోను మోగితే ఎత్తాలని, ఆపేయొద్దని వాడి దగ్గర మాట తీసుకున్నాను. తల తిప్పితే అమ్మ నా వెనకే నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. "బస్సు ఎప్పుడుండాది?" అని మాత్రం అడిగింది.

తెల్లారగట్ల మొదటి బస్సుకి ముగ్గురం బయల్దేరాం. నంద్యాల దాకా వాడు ఫోను ఎత్తుతూనే ఉన్నాడు. అక్కడ బస్సు మారి జమ్మలమడుగు దారి పట్టాక ఎత్తడం ఆపేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. కిటికీలోంచి వడగాలి ముఖానికి కొడుతోంది. దారి పక్కన నాపరాళ్ళ కుప్పలు వెనక్కి పోతున్నాయి. అమ్మ ఒడిలో సంచి పట్టుకుని, నా ఫోను వైపే చూస్తోంది. మా ఆయన ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని ఎవరెవరికో చేస్తున్నాడు. నేను మళ్ళీ మళ్ళీ నొక్కుతూనే ఉన్నాను. ఏం ఊహించుకున్నానో ఇప్పుడు రాయడానికి కూడా మనసొప్పడం లేదు.

ఎర్రగుంట్లలో బస్సు ఆగేసరికి వాడు ఎండలో నిలబడి ఉన్నాడు. ఫోను ఛార్జింగ్ పెట్టి మర్చిపోయి వచ్చాడట. గడ్డం పెరిగింది. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. అమ్మ కొంగుతో వాడి మెడ మీద చెమట తుడిచింది.

గదిలో కాసేపు కూర్చున్నాక ఆ అబ్బాయి ఇంటికి పోదామన్నాను. వాడు వద్దన్నాడు. ఇంకోరోజు పోదామన్నాడు. అమ్మ లేచి చెప్పులేసుకుంది. "ఆ బిడ్డ అడిగింది ఒక్క మాటే కదరా. నువ్వు చెప్పకుంటే ఎవురు చెప్పల్ల?" అంది. వాడు లేచాడు.

మసీదు వెనక సందులో ఆ ఇల్లు. ఆ అబ్బాయి తల్లి వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. మా తమ్ముణ్ణి చూసి, ఇన్నాళ్ళూ ఏమైపోయినావు బేటా అని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. భర్త పోయిన ఆడవాళ్ళు పాటించే ఇద్దత్తులో ఉంది కోడలు. పరాయి మగవాళ్ళకు కనపడదు. లోపలి గదికి పరదా వేసి ఉంది. నేను లోపలికి వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. నాకంటే బాగా చిన్నది. చేతిలో ఏదో గుడ్డముక్క పట్టుకుని మడతలు పెడుతూ విప్పుతూ ఉంది.

పరదా అవతల మంచం కిర్రుమంది. ఆమె చేతులు ఆగాయి. మా తమ్ముడి గొంతు వినిపించింది.

"కాసేపు కూచ్చుంటా అన్నాడమ్మా. కూచోని రా, తొందరేం లేదు అన్నా నేను. అంతే. దాని తర్వాత ఏం మాట్లాడలే."

ఇవతల ఆమె తల వంచుకుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందేమోనని కూడా అనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి, చాలా మెల్లగా అంది.

"అంటే, ఆయప్పని ఎవురూ తొందర పెట్టలేదు కదక్కా."

బాగాలేదన్నా వినకుండా ఎవరో పైకి ఎక్కించారని ఇన్నాళ్ళూ ఆమె అనుకుంటోందట. అడిగితే ఎవరూ సరిగా చెప్పడం లేదట. కూర్చోమని చెప్పిన మనిషి ఒకడున్నాడు, అది చాలు అంది. ఆ మాట నేను బయటికి వచ్చి తమ్ముడికి చెప్పాను. వాడు మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ముఖం కప్పుకున్నాడు. ఆ తల్లి వాడి వీపు నిమురుతూ కూర్చుంది. మా ఆయన సందులోకి వెళ్ళి నిలబడ్డాడు.

వాణ్ణి మాతో కర్నూలు తీసుకొచ్చాం. ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మొదటిరోజు ఆ డాక్టరమ్మ వాణ్ణి కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడించింది. మందులు కూడా రాసింది. నిద్ర రావడం మొదలయ్యాక ఒక ఉదయం, డబ్బా ఏమైందో చూద్దామని వాడే అన్నాడు.

నేల మీద పాత పేపరు పరిచి మూత విప్పాం. సన్న మరలు గిన్నెలో వేశాను. లోపల ఎక్కడ ఏ తీగ తెగుతుందోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఫ్యాను కనపడగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రెక్కల మధ్య, గాలి పోయే సందుల్లో బూడిదరంగు దుమ్ము అట్టకట్టి ఉంది. మామూలు ఇంటి దుమ్ము కాదు. ఎర్రగుంట్లలో ఏళ్ళ తరబడి పీల్చిన సిమెంటు. వానాకాలం తేమకి గట్టిపడి గోడకి పూసినట్టు పట్టుకుంది. పాత టూత్‌బ్రష్షుతో రాలనిచోట పుల్లతో గీకాల్సి వచ్చింది. లోపలి చిప్పు మీద వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి వాడు కొత్తది రాశాడు. అమ్మ చీపురు పట్టుకుని పక్కనే నిలబడి, దీంట్లోనే ఇంత దుమ్ముంటే నీ ఊపిరితిత్తుల్లో ఎంత ఉందోనని వాణ్ణి తిట్టింది.

బిగించి ఆన్ చేశాక అందరం దాని ముందు కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. వేడి దిగుతూనే ఉంది. డబ్బా ఆరిపోలేదు. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, అంతే. సంగతి చెబితే ఓనరమ్మ వచ్చి వాసన చూసి, సరే అంది. అయినా మా ఆయన ఆ వేసవంతా పగలు దాన్ని గంటకు మించి ఆడనివ్వలేదు.

తమ్ముడు వానలు పడ్డాక ఉద్యోగానికి వెళ్ళాడు. కంట్రోల్ రూము వద్దని అడిగితే ప్యాకింగు వైపు మార్చారు. మొదట్లో వాకీటాకీ చప్పుడు వినపడితే బయటికి వచ్చేసేవాడట. ఇప్పుడు కొంత నయమంటాడు. ఎంత నయమో నేను అడగను. ఫోను మాత్రం ఎత్తుతున్నాడు. సెలవు రోజున ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళి తల్లికి మందులు తెచ్చిస్తుంటాడు.

ఆ అమ్మాయి ఇద్దత్తు ముగిశాక పుట్టింటికి ప్రొద్దుటూరు వెళ్ళింది. అక్కడ బట్టలు కుడుతోంది. అప్పుడప్పుడూ నాకు ఫోను చేస్తుంది. మొన్న చేసినప్పుడు, అత్తను చూడడానికి ఎర్రగుంట్ల వెళ్ళానని, మా తమ్ముడు గడప బయట నిలబడి మాట్లాడి వెళ్ళాడని చెప్పింది. మనిషి ఇంకా సన్నగానే ఉండాడక్కా, సరిగా తింటాండాడో లేదో కనుక్కో అంది. కనుక్కుంటానని చెప్పాను.